లాగడానికి పావు టన్ను, ఆపడానికి ఏడు టన్నులు

మొన్న సంక్రాంతికి ముందు మా చిన్నాన్న పది టైర్ల బండి శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి దగ్గర హైవే పక్కన ఆగిపోయింది. పలాసలో సరుకు దించి ఖాళీగా వస్తోంది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ కాలేదు. తెల్లారి నేనూ చిన్నాన్నా వెళ్లేసరికి ఎయిర్ గేజీల ముళ్లు రెండూ సున్నా మీద పడుకున్నాయి. అటుగా వస్తున్న తెలిసినాయన లోడు బండి ఆపాడు. గొలుసు కట్టారు. లాగాడు. మా బండి వెనక చక్రాలు తిరగలేదు గానీ బండి మాత్రం జరిగింది. తారు మీద రెండు నల్ల చారలు, కాలిన రబ్బరు వాసన.

"ఇంకొంచెం గట్టిగా లాగు బావా" అని మా డ్రైవరు అరుస్తున్నాడు.

ఇంతలో నర్సన్నపేట నుంచి పిలిపించిన మేస్త్రి బండి దిగుతూనే తల పట్టుకున్నాడు. "ఏటి సేత్తన్నార్రా? అది కదల్లేక ఆగిందనుకున్నారా? దాన్ని పట్టీసి ఉంచినాయిరా లోపల. ముందు ఆ పట్టు వదిలించండి."

లారీల వాళ్లం ఒకరికొకరం చెప్పుకునే సలహాల్లో సగం లాగడం గురించే ఉంటాయి. ఎంత గట్టి గొలుసు, ఎన్ని హార్స్‌పవర్లు, ఎన్ని టన్నులు. మేస్త్రి మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు: దీన్ని ఇప్పుడు పట్టుకుని ఉన్నది ఏది? అది వదిలేస్తే తర్వాత పట్టుకునేది ఏది? టోయింగ్ అయినా, ట్రైలర్ అయినా, మనమే స్పానర్ పట్టుకుని చేసుకునే రిపేరు అయినా చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందు ఆ బిగిసిన చక్రాల సంగతి. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో నడుస్తాయి. గాలి కొడితే బ్రేకు పడుతుంది, గాలి పోతే బ్రేకు పోతుంది అని చాలామంది అనుకుంటారు. కాలితో తొక్కే బ్రేకు వరకు అది నిజం. పార్కింగ్ బ్రేకు దీనికి సరిగ్గా తలకిందులు. వెనక చక్రాల దగ్గర డబ్బాల్లా కనిపించే బూస్టర్లలో రెండు అరలు ఉంటాయి. ఒక అరలో బలమైన స్ప్రింగు ఉంటుంది. అది ఎప్పుడూ బ్రేకు పట్టించాలనే చూస్తుంది. ట్యాంకులో గాలి ఉన్నంతసేపూ ఆ గాలే స్ప్రింగును వెనక్కి నొక్కి ఉంచుతుంది. మనం లివర్ లాగితే ఆ గాలి బయటికి పోతుంది, స్ప్రింగు తన పని చేస్తుంది. ఇంజిన్ ఆగి, ట్యాంకుల్లో గాలి నింపే కంప్రెసర్ తిరగక, రాత్రంతా సన్నగా లీకై గాలి మొత్తం పోతే ఇక లివర్ ఎటు తోసినా లాభం లేదు. స్ప్రింగును వెనక్కి నొక్కే నాథుడు లేడు.

ఈ తలకిందుల ఆలోచన లారీలకన్నా ముందు రైళ్లలో వచ్చింది. గొట్టంలో గాలి పోతే బ్రేకులు వాటంతట అవే పడే ఏర్పాటును 1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ తెచ్చాడు. అక్కడ స్ప్రింగు బదులు ప్రతి పెట్టె కిందా గాలి నిల్వ ఉంటుంది. అంతే తేడా. పాడైతే ఆగిపోవాలి గానీ వదిలేయకూడదు అన్నది రెండింటికీ మూలం.

అలా బిగిసిన బండిని కదిలించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బూస్టర్ వెనక రంధ్రంలో పొడుగు బోల్టు పెట్టి, తిప్పి, స్ప్రింగును చేత్తోనే వెనక్కి లాగి కట్టేయడం. మేస్త్రి చేసింది అదే. బోల్టు ఏదని మా చిన్నాన్న టూల్ బాక్స్ అంతా కింద గుమ్మరించాడు. మేస్త్రి వంగి, బూస్టర్ పక్కనే దాని జేబులో ఉన్న బోల్టును తీశాడు. బండి కొన్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది, మీద మూడు పొరల మట్టి. నట్టు తిప్పుతుంటే క్లిక్కుమని ఏమీ వినపడదు. కొంచెం కొంచెంగా బ్రేకును తోసే పుష్ రాడ్ లోపలికి పోతుంది, అంతే. అన్ని బూస్టర్లకీ అలా చేశాక చేత్తో తోస్తే చక్రం కదిలింది.

రెండో దారి, లాగే బండి ట్యాంకు నుంచి పైపు వేసి పాడైన బండి ట్యాంకులోకి గాలి ఎక్కించడం. చూడ్డానికి రెండింటి ఫలితమూ ఒకటే: చక్రాలు వదులవుతాయి. కానీ తేడా చాలా ఉంది. గాలి ఎక్కిస్తే వెనక బండిలో కూర్చున్న డ్రైవరుకు కాలి కింద బ్రేకు కూడా వస్తుంది. బోల్టు పెడితే చక్రాలు వదులవుతాయి గానీ బ్రేకన్నది అస్సలు ఉండదు, కాలిదీ లేదు, చేతిదీ లేదు. అందుకని బోల్టు రోడ్డు మీంచి పక్కకు తప్పించడానికి పనికొస్తుంది, పాతిక కిలోమీటర్లు పోవడానికి గాలి కావాలి. "బోల్టు పెట్టి లాక్కెళ్లిపో" అని సలహా చెప్పేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు.

ఇక్కడ కాస్త లెక్క వేసుకుందాం. 2018లో కేంద్రం ఒక్కో యాక్సిల్ (ఇరుసు) మోయదగ్గ బరువు పరిమితి పెంచాక పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు, అంతకుముందు 25. అంత బండిని చదును రోడ్డు మీద నెమ్మదిగా దొర్లించడానికి కావాల్సిన లాగుడు దాని బరువులో వందో వంతు కూడా ఉండదు. సుమారు పావు టన్ను. చక్రాలు వదులుగా ఉంటే ట్రాక్టరు కూడా లోడు లారీని దొర్లించేది అందుకే. చూసినవాళ్లు "అబ్బో, ఏం బలం" అంటారు. ఇప్పుడు అదే బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వస్తుండగా గేదె అడ్డం వచ్చింది, పది మీటర్లలో ఆపాలి. దానికి కావాల్సిన పట్టు సుమారు 7 టన్నులు. లాగడానికి కావాల్సిన దానికి ఇరవై ఎనిమిది రెట్లు. ముందున్న ఖాళీ లారీ బరువు తొమ్మిదో పదో టన్నులుంటుంది. రోడ్డు మీద అది చూపించగల బ్రేకు బలం దాని బరువులో సగమో, కాస్త ఎక్కువో. ఆ అయిదారు టన్నులతోనే తననీ ఆపుకోవాలి, వెనకున్నదాన్నీ ఆపాలి. వేగం రెట్టింపైతే ఈ లెక్క నాలుగు రెట్లవుతుంది. వాలు ఉంటే చెప్పక్కర్లేదు.

గొలుసుకూ రాడ్డుకూ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. గొలుసు లాగగలదు, తోస్తే మడతపడిపోతుంది. ముందు బండి బ్రేకు వేస్తే వెనక బండి వచ్చి దాని వీపుకు కొడుతుంది. ఇనప రాడ్డు అయితే లాగుడూ, ఆపుడూ రెండూ మోస్తుంది. బ్రేకు లేని బండిని గొలుసుతో లాగకూడదనేది ఇందుకే, గొలుసు తెగుతుందని కాదు. తెగడం వేరే ప్రమాదం. వదులుగా ఉన్న గొలుసును ఒక్కసారి ఝాడించి లాగితే మామూలు లాగుడుకు ఎన్నో రెట్లు పడుతుంది. వైర్ రోప్ తెగితే చివర కొరడాలా వెనక్కి వస్తుంది, పక్కన నిలబడి "రానీ రానీ" అంటున్నవాడి మీదికి.

నిబంధనలూ ఇదే లెక్కతో రాసినవే. లాగే బండికీ వెనక బండికీ మధ్య 5 మీటర్లు దాటకూడదు, వేగం గంటకు పాతిక కిలోమీటర్ల లోపే ఉండాలి, వెనక బండిలో లైసెన్సు ఉన్న మనిషి స్టీరింగ్ దగ్గర ఉండాలి లేదా ముందు చక్రాలు గాల్లోకి ఎత్తి కట్టాలి, వెనకాల "ఆన్ టో" అని కనపడేలా రాసిన బోర్డు ఉండాలి. బోర్డు పెట్టినవాళ్లను నేను ఈ జిల్లాలో చూసింది తక్కువ. ఎర్ర గుడ్డ కట్టి సరిపెట్టేస్తారు. హైవే మీద ఆగిపోతే 1033కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి, అవసరమైతే క్రేన్ వస్తాయి. మడపాం దగ్గర టోల్ కట్టేటప్పుడు తిట్టుకునే మనం, అందులోనే ఈ సేవ కూడా ఉందన్నది మర్చిపోతాం.

ఇంకొక్క సంగతి, దీని వల్ల గేర్ బాక్సులు పోయాయి. "న్యూట్రల్‌లో పెట్టి లాగితే చాలు" అంటారు. న్యూట్రల్‌లో ఉన్నా వెనక చక్రాలు తిరిగితే, వాటిని గేర్ బాక్సుకు కలిపే పొడుగు కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, తిరుగుతుంది, దాంతో గేర్ బాక్సు వెనక భాగమూ తిరుగుతుంది. కానీ ఆయిల్‌ను పైకి చిమ్మే కింది షాఫ్ట్ ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. అంటే బేరింగులు నూనె లేకుండా తిరుగుతుంటాయి. రోడ్డు పక్కకు లాగడానికి ఫరవాలేదు. శ్రీకాకుళం దాకా లాగాలంటే ప్రొపెల్లర్ విప్పేయాల్సిందే. విప్పేముందు చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టాలి. గేర్‌లో ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకుని విప్పితే, విప్పిన క్షణం నుంచి ఆ గేరు దేన్నీ పట్టుకుని ఉండదు. కింద మాత్రం మనిషి ఉంటాడు.

ట్రైలర్ల విషయానికొస్తే, టెక్కలి వైపు తిరిగేవాళ్లకు ఇవి కొత్త కాదు. అక్కడి నీలి గ్రానైట్ దిమ్మెలు ట్రైలర్ల మీదే విశాఖ రేవుకు పోతాయి. ట్రైలర్‌ను ముందు బండికి కలిపేది కింగ్ పిన్ అనే ఒక్క ఉక్కు ముక్క. మందం రెండు అంగుళాలు, లేదా మూడున్నర అంగుళాలు. దాన్ని ముందు బండి మీదున్న టర్న్ టేబుల్ అనే పళ్లెం దవడలు వెనక నుంచి మూసుకుని పట్టుకోవాలి. ట్రైలర్ కాస్త ఎత్తుగా నిలబడి ఉంటే పిన్ను దవడల్లోకి పోకుండా పైన కూర్చుంటుంది. లివర్ చూస్తే పడినట్టే ఉంటుంది. పది కిలోమీటర్లు బాగానే వస్తుంది కూడా. అనుభవమున్న డ్రైవర్లు దిగి టార్చి వేసి రెండు పళ్లేల మధ్య సందు లేదని, దవడ పిన్ను వెనక మూసుకుందని కళ్లతో చూస్తారు. ఆ తర్వాత ట్రైలర్ బ్రేకు పట్టించి మొదటి గేర్‌లో ఒకసారి మెల్లగా లాగి చూస్తారు. అది రాకపోతేనే సరిగ్గా తగిలినట్టు. అప్పుడు ట్రైలర్‌ను నిలబెట్టిన ఇనప కాళ్లు పైకి ఎత్తుతారు.

ట్రైలర్‌కు పోయే గాలి పైపులు రెండు. ఎర్రది ఎప్పుడూ నిండుగా ఉండి ట్రైలర్ ట్యాంకును నింపుతుంది. అది తెగితే ట్రైలర్ తనంతట తానే బ్రేకు పట్టేసుకుంటుంది, మనకు వెంటనే తెలుస్తుంది. పసుపుది కాలి మాట మోసుకెళ్లే పైపు. బ్రేకు తొక్కినప్పుడే దాంట్లో గాలి ఉంటుంది. అది పగిలితే తొక్కేదాకా తెలియకపోవచ్చు. ఎర్ర పైపు చప్పుడు చేసి చెప్తుంది, పసుపు పైపు అవసరమప్పుడు మోసం చేస్తుంది. పొద్దున్నే ఒక మనిషి పెడల్ తొక్కి ఉంచితే ఇంకో మనిషి వెనక పైపుల దగ్గర చెవి పెట్టి వినాలి. రెండు నిమిషాల పని.

ట్రైలర్ జేబు కత్తి మడిచినట్టు ముందు బండి మీదికి మడతపడే ప్రమాదం కూడా పట్టు లెక్కే. ముందు బండి డ్రైవ్ చక్రాలు తడి రోడ్డు మీద బిగుసుకుపోయి జారాయనుకోండి, వెనక ట్రైలర్ బ్రేకులు సరిగ్గా పడకపోతే అంత బరువూ వచ్చి ముందున్న బండిని తోస్తుంది. అది పక్కకు తిరుగుతుంది. డ్రమ్మును ఒరుసుకుని ఆపే లైనర్లు అరుగుతున్నాయని ట్రైలర్ స్లాక్‌లు (బ్రేకు బిగువు సర్దేవి) వదులు చేయించుకునే ఓనర్లున్నారు. ముందు బ్రేకులు పడితే బండి తిరగబడుతుందని ముందు చక్రాల బ్రేకులు వదులు చేయించే డ్రైవర్లూ ఉన్నారు, వీళ్లు ఇంకా ఎక్కువ మంది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది, అప్పుడు ఎక్కువ పట్టు దొరికేది ముందు చక్రాలకే. ఆ పట్టును వదులుకుని వెనకవాటి మీదే ఆధారపడటం నాకు ఎప్పటికీ అర్థం కాని పొదుపు.

మన ఊళ్లలో తిరిగే ట్రాక్టరు తొట్టికి ఈ గొడవలేమీ లేవు, ఎందుకంటే చాలావాటికి బ్రేకులే లేవు. ఇసుక నిండిన తొట్టిని చెరువు గట్టు దింపేటప్పుడు ఆపేది ట్రాక్టరు ఒక్కటే. ఇంకో చెడ్డ అలవాటు, కూరుకుపోయిన బండిని లాగడానికి గొలుసును ట్రాక్టరు వెనక పైభాగాన కట్టడం. లాగే చోటు వెనక ఇరుసు కన్నా ఎత్తుగా ఉంటే చక్రం తిరగడానికి బదులు ట్రాక్టరే ఇరుసు చుట్టూ వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరుకు తేరుకునే టైం ఉండదు. కిందుండే లాగుడు కడ్డీకి, అంటే డ్రాబార్‌కు తప్ప ఇంకెక్కడా కట్టకూడదు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాక ఈ జిల్లాలో కూలిన చెట్లను, కూరుకుపోయిన బండ్లను లాగిన ట్రాక్టర్లకు లెక్కలేదు. గొలుసు ఎక్కడ కట్టారో చూసే ఓపిక ఆ రోజుల్లో ఎవరికుంటుంది?

సాలూరు వాళ్లు నవ్వుతారేమో, ఇంతసేపూ చదును రోడ్డు కబుర్లు చెప్తున్నాడని. సాలూరు లారీల ఊరు. నిన్నమొన్నటి దాకా విజయనగరం జిల్లాలోదే, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. అక్కడి నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్, రాయపూర్ పోయే రోడ్డు మీద పెరిగిన డ్రైవర్లకు బ్రేకు గురించి మనం చెప్పేదేమీ లేదు. ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు అన్న వాళ్ల మాట చాలు. ఎందుకంటే దిగేటప్పుడు కాలు అదేపనిగా బ్రేకు మీద ఉంటే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి లైనరు నుంచి దూరం జరుగుతుంది, లైనరు కూడా పట్టు కోల్పోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, గేజీలో గాలి నిండుగా ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఘాట్‌లో న్యూట్రల్ కొట్టి డీజిల్ మిగిల్చాననుకునేవాళ్లకు ఒక మాట: కొత్త ఇంజిన్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరా పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా తిరగడానికి ఇంకా తాగుతుంది. ప్రాణం పణంగా పెట్టి మిగిల్చేది కూడా ఏమీ లేదన్నమాట.

సొంత రిపేర్ల సంగతి. పాత బండి నడిపినవాళ్ల సలహా కొత్త బండికి పట్టుకుపోవడమే ఇక్కడ చిక్కు. డీజిల్ లైనులో గాలి పట్టినప్పుడు ప్రైమర్ కొట్టి గాలి తీయడం, ఫిల్టరు మార్చడం, పొద్దున్నే ఎయిర్ ట్యాంకుల కింద వాల్వు లాగి నీళ్లు వదలడం, గ్రీజు కొట్టడం ఇవన్నీ ఎవరైనా చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కానీ పాత ఇంజిన్‌లో ఏ సిలిండరు కొట్టడం లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా సిలిండర్లకు డీజిల్ తెచ్చే నాజిల్ పైపులు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లు. మా నాన్న చెవితోనే చెప్పేసేవాడు, మూడోది చచ్చిందని. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని చేస్తే పైపులో ఉండే ఒత్తిడి వెయ్యి బార్ పైనే. సన్నని డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. బయటికి చీమ కుట్టినంత గాయం కనపడుతుంది, లోపల చెయ్యి పాడైపోతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) లారీల్లో పొగను శుద్ధి చేయడానికి యూరియా ద్రావణం పోసే ట్యాంకు ఉంటుంది. నూటికి 32.5 వంతులు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. మన జిల్లాల్లో లారీ ఉన్నవాడికి పొలం కూడా ఉంటుంది, ఇంట్లో బస్తా ఉంటుంది. "అదీ యూరియాయే, ఇదీ యూరియాయే" అని కలిపి పోసినవాడి బండి ఎన్నాళ్లో నడవదు. పొలం యూరియాలో వేరే మలినాలుంటాయి, పైగా 2015 నుంచి మన దేశంలో పొలానికి అమ్మే మామూలు యూరియాకు వేపనూనె పూత. ఆ నూనె, ఆ మలినాలు సైలెన్సర్ దగ్గర పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును పాడుచేస్తాయి. మిగిల్చింది వందల్లో, ఖర్చు లక్షల్లోకి పోతుంది.

ఇక చేత్తో ముట్టకూడనివి. బూస్టర్ చుట్టూ ఉండే క్లాంపు విప్పడం వాటిలో మొదటిది. లోపల స్ప్రింగు సుమారు టన్ను బలంతో నొక్కుకుని ఉంటుంది. క్లాంపు వదులైతే మూత ఫిరంగి గుండులా వస్తుంది. లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రం, మార్చడం చిన్న పనే కదా అని పక్కపక్క రెండు అరల్లో పొరపాటున స్ప్రింగు ఉన్న అర క్లాంపు విప్పినవాళ్లు దేశదేశాల్లో పోయారు. రెండోది పాత డిస్కుల మీద టైరును పట్టి ఉంచే లాక్ రింగు. పంక్చర్ వేశాక గాలి కొడుతున్నప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే ఎగిరి వస్తుంది. రింగు నేల వైపు ఉండేలా పడుకోబెట్టి, గొలుసు చుట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టే పంక్చర్ కుర్రాడు కనపడితే, వాడు పది రూపాయలు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి.

చివరికి మా బండిని రాడ్డుతో, ముందు బండి నుంచి గాలి పైపు వేసి, మెల్లగా శ్రీకాకుళం వర్క్‌షాపుకు చేర్చాం. చిన్నాన్నే స్టీరింగ్ పట్టుకున్నాడు. ఇంజిన్ ఆగి ఉంటే పవర్ స్టీరింగ్ ఎంత బరువుగా ఉంటుందో రెండు రోజులు భుజాలకు మందు రాసుకుంటూ చెప్పాడు. డీజిల్ పంపు బాగైంది. కానీ ఆ పొద్దున గొలుసుతో ఈడ్చిన నలభై అడుగులకు వెనక టైర్లు రెండింటికి అరచేయంత మేర రబ్బరు చదునుగా గీసుకుపోయింది. బండి యాభై దాటితే సీటు కింద ఇప్పటికీ దడదడమంటుంది. మార్చేయమంటే, "అరగనీరా, ఎలాగూ అరిగేవే కదా" అంటాడు.